నాది కాని ల్యాపు

ఆ రోజుల్లో ఏ పనైనా చేసే ముందు నాకు భయం వేసేది కాదు, చేశాక సిగ్గూ వేసేది కాదు. ఇరవై ఒక్కేళ్ల వయసులో నాకున్న ఆస్తి నమ్మకం ఒక్కటే, అదీ పూర్తిగా నా మీద నాకే. విజయనగరం దగ్గర ఓ ఇంజినీరింగు కాలేజీలో ఆఖరి సంవత్సరం మెకానికల్ చదువుతున్నాను. బైకు సైలెన్సరు లోపలి జాలీ తీయించేశాను (దాంతో బండి వేగం పెరగదు, చప్పుడే పెరుగుతుంది; ఆ తేడా తెలియని వయసది). సెలవలకి కోటబొమ్మాళిలో మా మావ ఇంటికి వెళ్తే, నేను వస్తున్నానని నాకన్నా అయిదు నిమిషాల ముందే ఊరికి తెలిసిపోయేది. స్నేహితులు నన్ను ‘జెట్టు’ అనేవాళ్లు. ఆ పేరు నేనే పెట్టించుకున్నానని ఒకరిద్దరు అంటారు. అది పూర్తిగా అబద్ధమని చెప్పలేను.

అందుకే, మా కాలేజీ కుర్రాళ్లంతా కలిసి ఒక రేసు కార్టు తయారుచేసి కోయంబత్తూరు దగ్గర జరిగే కాలేజీల పోటీకి వెళ్లాలనుకున్నప్పుడు, దాన్ని తోలేదెవరన్న ప్రశ్నే రాలేదు. వర్క్‌షాపులో గొట్టాలు వంచి, వెల్డింగు చేసి, పాత బైకు ఇంజను బిగించి, నేలకి జానెడెత్తులో కూర్చునే నాలుగు చక్రాల బండి ఒకటి తయారుచేశాం. సీటు బిగించిన రోజే నేనెక్కి కూర్చున్నాను. ఎవరూ దిగమనలేదు. మా మీద పెద్ద దిక్కు వర్క్‌షాపు సారు. బేరింగుల గురించి మాట్లాడటం మొదలుపెడితే భోజనం మరిచిపోయే మనిషి కాబట్టి ఆయన పేరు బేరింగు సారు. ఆయన కూడా నన్ను చూసి, "కూర్చున్నాడు కదా, కూర్చోనీయండి," అన్నారు. నేను దాన్ని నియామకపత్రంలా తీసుకున్నాను.

తోలి చూసుకోవడానికి చోటు కావాలి. కాలేజీ రోడ్డు మీద ప్రిన్సిపాలు గారు ఒప్పుకోలేదు. అప్పుడు మా మావ ఆదుకున్నాడు. కోటబొమ్మాళి పొలిమేరలో మూతబడిన ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటుంది. దానికి మా మావ కాపలాదారు. మిల్లు వెనకాల ఉడకబెట్టిన ధాన్యం ఆరబోయడానికి వేసిన సిమెంటు కళ్లం ఉంది, ఎకరాల మేర, అద్దంలా చదునుగా. యజమాని దగ్గర అనుమతి తెచ్చింది కూడా మావే. "ధాన్యం నేదు కదా, కుర్రోల్లు ఆడుకుంటారు" అన్నాడట ఆయనతో. మేం పాత టైర్లు, ఇటికలు పేర్చి ఏడు మలుపుల ట్రాకు గీశాం. అందులో నాలుగో మలుపు బాయిలరు గది గోడకి బాగా దగ్గరగా ఉండేది. ఆ మలుపే నా ప్రతిభకి వేదిక అని నా అభిప్రాయం. అందరూ గోడ చూసి ముందే బ్రేకు కొడతారు, నేను మాత్రం గోడ ముక్కు దగ్గరికొచ్చేదాకా ఆగుతాను. కనీసం నాకలా అనిపించేది. చక్రాలు కీచుమనేవి, వెనకభాగం జారేది, జూనియర్లు ఈలలు వేసేవాళ్లు. ఇంతకన్నా రుజువేం కావాలి?

రుజువు అగ్గిపెట్టెంత పెట్టె రూపంలో వచ్చింది. తెచ్చింది మా క్లాసు అమ్మాయే. గజపతినగరం వైపు బాప్టిస్టు కుటుంబం, వాళ్ల నాన్నగారు మిషను ఆస్పత్రిలో జీపు డ్రైవరు. ప్రతిదాన్నీ గీతలు గీసి చూసే అలవాటు వల్ల ఆమెను ‘గ్రాఫు’ అనేవాళ్లం. (ఆమెకీ ఆ పేరు తెలుసు. అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు.) అది జీపీఎస్ లాగరు. ఆకాశంలోని ఉపగ్రహాల ద్వారా బండి ఎక్కడుందో, ఎంత వేగంతో వెళ్తోందో సెకనుకి పదిసార్లు రాసిపెట్టుకుంటుంది. తర్వాత కంప్యూటర్లో పెడితే ఏ మలుపులో ఎంత వేగం, ఎక్కడ తగ్గావు, ఎక్కడ పెంచావు అన్నీ గీతలుగా చూపిస్తుంది. "మంచిదే, నా స్టైలు రికార్డవుతుంది," అన్నాను నేను.

మొదటి రోజు పెట్టెని సీటు కింద బిగించి పది రౌండ్లు తోలాను. మిల్లు గుమ్మంలో ఇనప డ్రమ్ము మీద లాప్‌టాప్ పెట్టి చూస్తే, నేను నాలుగో మలుపులో నేరుగా బాయిలరు గదిలోకి దూరి, అవతలి గోడలోంచి బయటికొచ్చినట్టు ఉంది గీత. నేను పగలబడి నవ్వాను. "ఇదీ మీ సైన్సు," అన్నాను. మావ నిజంగానే లేచి వెళ్లి గోడ చుట్టూ తిరిగి వచ్చాడు.

"గోడకి సిల్లేటీ నేదమ్మా," అన్నాడు గ్రాఫుతో, చాలా గంభీరంగా.

ఆమె నవ్వలేదు. "సీటు కింద ఇనుము, పక్కని రేకుల షెడ్డు. దానికి ఆకాశం సరిగ్గా కనబడ్లేదు. పైకి బిగిద్దాం," అంది. మర్నాడు కార్టు ముందుభాగంలో చిన్న పలక అమర్చి, దాని మీద పెట్టె బిగించింది. ఈసారి గీత బుద్ధిగా కళ్లం మీదే తిరిగింది. దాన్ని చాలాసేపు చూసి, నా మనసు నొచ్చుకోకుండా చెప్పాలనే ప్రయత్నం ఏమీ చేయకుండా అంది.

"నువ్వు గేసు బేగి ఒగ్గేస్తన్నావు."

"నేనా? ముందే యాక్సిలరేటరు వదిలేస్తున్నానా? గోడ దాకా వెళ్లేవాణ్ణి నేనొక్కణ్ణే!"

"ఎల్తన్నావు. కాని మెల్లగా ఎల్తన్నావు."

నాకు ఒళ్లు మండింది. మెల్లగా అంటే దేనికన్నా మెల్లగా? ఇంకో మనిషి తోలితే కదా తెలిసేది? ఇదే మాట బేరింగు సారు ముందర గట్టిగా అడిగాను. నా జీవితంలో నేను వేసిన అతి తెలివైన ప్రశ్నల్లో అదొకటి. సారు గెడ్డం గోక్కుని, "నిజమే, పోలికకి ఇంకో డ్రైవరు కావాల. నువ్వే తోలమ్మా," అన్నారు గ్రాఫుతో.

ఆ శనివారం ఆమె అయిదు రౌండ్లు తోలింది. నేను నీడలో నిలబడి ట్రాకుకి వీపు పెట్టి, జూనియర్లకి మలుపుల్లో ధైర్యం ఎలా ఉండాలో వివరిస్తున్నాను. వెనకనుంచి టైర్లు కీచుమనే చప్పుడు ఒక్కటీ రాలేదు. పాపం, భయపడుతోందనుకున్నాను. ఆమె దిగాక, "బాగానే తోలేవు. మొదటిసారి కదా," అన్నాను. ఆమె హెల్మెట్టు తీసి, "ఊఁ," అంది. అంతే. పెట్టె వచ్చాక స్టాప్‌వాచీ పట్టుకోవడం మానేశాం కాబట్టి ఎవరి సమయమెంతో అప్పటికప్పుడు తెలియదు. మర్నాడు ఆదివారం, ఆమె చర్చికి వెళ్లాలి. పెట్టెలోని మెమరీ కార్డు తీసి, దాన్లోని ఫైళ్లు ల్యాబులో కంప్యూటర్లోకి ఎక్కించే పని నేనే ఉత్సాహంగా మీద వేసుకున్నాను.

ల్యాబులో నేనొక్కణ్ణే. ముందు నా ఫైలు తెరిచాను. అన్నిట్లోకి మంచి ల్యాపు, అంటే ట్రాకు చుట్టూ ఒక రౌండు, ఇరవై ఎనిమిది సెకన్లు. తృప్తిగా వెనక్కి వాలి, తర్వాత ఆమెది తెరిచాను. ఇరవై ఆరున్నర. కంప్యూటరు తెర తుడిచి మళ్లీ చూశాను. ఇరవై ఆరున్నరే. ఇరవై ఎనిమిది సెకన్ల ల్యాపులో ఒకటిన్నర సెకనంటే, కార్టు దిగి పక్కన పరుగెత్తినంత తేడా. అప్పుడు నేను చేసిన పని ఇన్నేళ్ల తర్వాత కూడా రాయాలంటే చెయ్యి ఆగుతోంది. ఆమె ఫైలుకి నా పేరు పెట్టాను. నా ఫైలుకి ఆమె పేరు పెట్టాను. అది మోసమని నాకు అప్పుడు అనిపించలేదు. ఏదో యంత్రం పొరబడితే నేను సరిదిద్దుతున్నాననే అనుకున్నాను.

సోమవారం బేరింగు సారు నా పేరున్న గీతని ప్రొజెక్టరుతో గోడ మీద పెద్దగా వేసి అందరినీ కూర్చోబెట్టారు. "ఏమో అనుకున్నాను గాని, అద్భుతంగా తోలేవయ్యా జెట్టూ!" అన్నారు. నేను వినయంగా తల వంచాను. సారు వేలితో గీత వెంబడి వెళ్తూ ఒకచోట ఆగిపోయారు. తిన్నగా ఉన్న దారిలో, మలుపేమీ లేనిచోట, గీతలో చిన్న గుంట. "ఇక్కడ గేసు ఎందుకు తగ్గించావు?"

నాకేం తెలుసు? కాని తెలియదనే మాట నా నోట్లో ఆ రోజుల్లో లేదు. "బరువు బదిలీ సార్," అన్నాను. "మలుపుకి ముందే ఒక్క క్షణం గేసు తీస్తే బరువు ముందు చక్రాల మీదికొస్తుంది. బండిని మలుపుకి మానసికంగా సిద్ధం చేయడం." (బండిని మానసికంగా!) సారు కళ్లు మెరిశాయి. బోర్డు మీద ‘ముందస్తు బరువు బదిలీ’ అని రాసి కింద రెండు గీతలు గీశారు. జూనియర్లంతా పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. ఒకడు బదిలీ ఎన్ని సెకన్లుండాలని అడిగాడు. అరసెకను అని చెప్పాను. అదీ రాసుకున్నాడు. వెనక బెంచీలో గ్రాఫుకి దగ్గు మొదలైంది. ఎంతకీ తగ్గక, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

క్లాసయ్యాక వరండాలో నాకోసం కాచుకుని ఉంది. కళ్లు ఇంకా తడిగా ఉన్నాయి, నవ్వి నవ్వి.

"అది కోడి," అంది.

"ఏ కోడి?"

"మీ మావ కోడి. కల్లం మీదికి అడ్డంగా వచ్చినాది. తొక్కేస్తానేమో అని గేసు ఒగ్గినాను. దానికి నువ్వెంత పేరెట్టినావు!"

 కోడి అడ్డొచ్చినా కూడా ఆమెది ఇరవై ఆరున్నర అన్నమాట. సారుకి చెప్పేస్తావా అని అడిగాను, అడిగింది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చేంత సన్నగా.

"నానేల సెప్తాను? ల్యాపు నీదని సారే అందరి ముందరా అన్నారు కదా. పేర్లు పంపడానికి ఇంకా రెండు వారాలున్నాది. మల్లీ అదే టైములో తోలి సూపించు. సూపిస్తే నువ్వే వెల్లు."

"దానిదేముంది," అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. అదీ నా గొప్పతనం.

ఆ రెండు వారాలు నేను నా పేరున్న ల్యాపుని తరుముతూ తిరిగాను. లాప్‌టాప్‌లో ఆమె గీత ఎర్రది, నాది నీలం, ఒకదాని మీద ఒకటి వేసి చూసుకునేవాణ్ణి. ఎర్ర గీత మలుపు దాకా నిటారుగా నిలబడి, ఒక్కసారి కిందికి దిగి, వెంటనే లేచేది. నా నీలం గీత మాత్రం మలుపు కనబడగానే నడుంనొప్పి ఉన్న ముసలాయన మెట్లు దిగినట్టు మెల్లమెల్లగా వంగి, అడుగున కాసేపు కూర్చుని, ఆయాసంగా లేచేది. గ్రాఫు పక్కన కూర్చుని పెన్సిలు మొనతో చూపించేది. "నువ్వు బ్రేకు కొట్టేది లేటే, కాదన్ను. కాని గేసు ఒగ్గేది ఇక్కడ. ఈ రెంటి మద్దిన బండి ఎవుల్ది?"

 ఆ మధ్యనున్న పదిహేను అడుగుల్లో బండి గేసుదీ కాదు, బ్రేకుదీ కాదు, నా భయానిది. గోడ దాకా ధైర్యంగా వెళ్తున్నానని నేననుకుంటున్న సమయమంతా నా కుడికాలు నాకు చెప్పకుండా ముందే సెలవు పెట్టేసి వెళ్లిపోతోంది. చివర్లో ఆ కీచుమనే బ్రేకు, ఆ జారుడు అన్నీ పోగొట్టుకున్న సమయం మీద చల్లిన సెంటు. నువ్వెలా నేర్చుకున్నావని ఆమెను అడిగితే, వాళ్ల నాన్నగారు ఆస్పత్రి ఆవరణలో జీపు నేర్పిన సంగతి చెప్పింది. "పేషెంటుంటే బేగి వెల్లాల, కుదుపూ ఉండకూడదు. రెండూ గావాలంటారు నాన్న. అందుకని ముందే దూరం సూసుకోవాల," అంది, ఎవరైనా చేసే పనే అన్నట్టు.

నాకు కొంచెం కొంచెం వచ్చింది. ఇరవై ఏడున్నర. తర్వాత ఇరవై ఏడుంబావు. కీచు తగ్గిన కొద్దీ సమయం తగ్గింది, సమయం తగ్గిన కొద్దీ జూనియర్ల ఈలలూ తగ్గాయి. (వాళ్ల దృష్టిలో నేను పాడైపోతున్నాను. మధ్యమధ్య ఎవడో ఒకడు, "అన్నా, బరువు బదిలీ మర్చిపోతన్నావు" అని గుర్తుచేసేవాడు.) ఆఖరి రోజు ఇరవై ఏడు వచ్చింది. ఇంకా అరసెకను ఎక్కువే. ఆ అరసెకను కోసం ఇరవై రౌండ్లు తోలాను, ఇంజను పొగలు కక్కేదాకా. రాలేదు. కళ్లం అంచున ఖాళీ గోనెసంచి పరుచుకుని మావ కూర్చునుంటే వెళ్లి పక్కన కూలబడ్డాను.

"ఆ పిల్ల తోల్తే బండి సప్పుడు తుమ్మెదలాగ ఒకేలాగుంటాది. నువ్వు తోల్తే పిల్లులు కొట్టుకున్నట్టుండేది. ఇప్పుడు కాస్త నయం," అన్నాడు మావ.

"మావా, ఆ రోజు..."

"ఆ రోజు నా కోడి ఎవుల బండి కింద పడబోయినాదో నాకు తెల్దేటిరా అల్లుడా? మీ కాలేజీ కుర్రోడొకడు వచ్చి, జెట్టన్న మలుపు నేకుండానే గేసెందుకు తగ్గించినాడో సెప్పినాడు. నాను నవ్వినాను గాని ఏటీ అన్నేదు." చుట్ట పక్కన పెట్టి నా మోకాలి మీద చెయ్యేశాడు. "నాను సెప్పను. నువ్వు సెప్తావు."

మర్నాడు సారు గదిలో ఫారం నింపుతున్నారు. టీమంతా చుట్టూ నిలబడి ఉంది. కాలేజీ పేరు, బండి బరువు, ఇంజను వివరాలు అన్నీ అయ్యాయి. ‘డ్రైవరు పేరు’ అన్న గడి మీద కలం ఆగింది. సారు నాకేసి చూసి నవ్వి, నా ఇంటిపేరులో మొదటి అక్షరం రాశారు. గ్రాఫు కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె ఒక్కమాట అని ఉంటే నేను ఎదురు వాదించేవాణ్ణి, నా సంగతి నాకు తెలుసు. ఆమె ఏమీ అనకపోవడంతో నాకు వేరే దారి లేకపోయింది.

"సార్, ఆ ల్యాపు నాది కాదు."

కలం ఆగింది. "మరెవరిది?"

"గ్రాఫుది. పేర్లు నేను మార్చాను."

"మరి ఆ ముందస్తు బరువు బదిలీ?"

"కోడి సార్."

"కోడా?"

"పెట్ట సార్. మా మావది."

వెనక ఎవడో నోటుపుస్తకంలో కాగితం మెల్లగా చింపుతున్న చప్పుడు వినిపించింది. సారు కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టారు. "పేర్లు మార్చడానికి ఎంతసేపు పట్టింది?" అని అడిగారు. ఇరవై సెకన్లు పట్టి ఉంటుందన్నాను. "అయితే ఇంతవరకు నీ ఫాస్టెస్టు ల్యాపు అదే," అన్నారు. ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధ. తర్వాత ఆయన గ్రాఫు వైపు తిరిగి, తెలిసీ ఎందుకు చెప్పలేదమ్మా అని కాస్త కోపంగానే అడిగారు.

"సెప్తే ప్రాక్టీసు మానేస్తాడు సార్. మనకి రెండో డ్రైవరు గావాల కదా. ఇప్పుడు ఇరవై ఏడు తోల్తన్నాడు," అంది.

అలా ఫారంలో ఆమె పేరు మొదట, నా పేరు ప్రత్యామ్నాయ డ్రైవరుగా దాని కింద ఎక్కాయి. కొట్టేసిన ఆ ఒక్క అక్షరం పక్కన సారు చిన్న సంతకం చేశారు. ఆ రోజు హాస్టలుకి నడుస్తుంటే సీటు పోయినందుకు ఏడుపొచ్చింది. కాని రెండు వారాలుగా మెడ మీదున్న బస్తా దిగినట్టు కూడా ఉంది. అన్నం మాత్రం బాగా తిన్నాను.

కోయంబత్తూరులో నా పని కంచె ఇవతల లాప్‌టాప్. ప్రాక్టీసులో ఆమె బాగా తోలింది. కాని ఫైలు తెరిస్తే, అవతలి చివర పెద్ద కుడిమలుపు దగ్గర ఎర్ర గీత మెల్లగా వంగుతోంది. పక్కనే ఎత్తైన గోడ. ఆ వంపు నాకు చిన్ననాటి స్నేహితుడంత పరిచయం. భయం గీత ఎలా ఉంటుందో నాకన్నా బాగా తెలిసినవాడు ఆ మైదానంలో ఇంకొకడు లేడు.

"ఇక్కడ గేసు ఒగ్గేస్తన్నావు," అన్నాను.

"నానా? నేదు."

"సూడు."

ఆమె గీతని చాలాసేపు చూసింది. మూతి బిగించింది. ఆ తర్వాత హెల్మెట్టు తగిలించుకుని బండి దగ్గరికి వెళ్లిపోయింది. అసలు రేసులో ఆ మలుపు దగ్గరికి ఆమె వచ్చిన ప్రతిసారీ నేను కంచె పట్టుకుని చప్పుడు వినేవాణ్ణి. మొదటి రెండు రౌండ్లు తగ్గింది. మూడోసారి తగ్గలేదు. ఇంజను అదే స్వరంలో గోడ పక్కనుంచి వెళ్లిపోయింది. నేను ఎగిరి గంతేసి పక్క కాలేజీ వాళ్ల నీళ్ల డబ్బా తన్నేశాను. మేం గెలవలేదు. తొమ్మిదో స్థానం వచ్చింది. పెద్ద పెద్ద బళ్లు చెయిన్లు తెగి, ఇంజన్లు పట్టేసి ఆగిపోతే, మిల్లు కళ్లం మీద పెరిగిన మా బండి చివరి రౌండు దాకా తిరిగింది. బేరింగు సారు బేరింగులన్నీ ఒక్కొక్కటే తడిమి చూసి కళ్లు తుడుచుకున్నారు.

మావకి ఫోను చేశాను. "ఎన్నో నంబరొచ్చినావురా?" అన్నాడు. తొమ్మిదన్నాను. నేను తోలలేదని కూడా చెప్పాను. "అందుకే తొమ్మిదైనా వచ్చినాది," అన్నాడు సంతోషంగా.

గ్రాఫు ఇప్పుడు చెన్నై వైపు టైర్లు పరీక్షించే ట్రాకు మీద బళ్లు తోలుతోంది. అదే ఆమె ఉద్యోగం. నేను విశాఖపట్నంలో కూర్చుని లారీల జీపీఎస్ గీతలు చదువుతాను. మలుపుల్లో ఏ డ్రైవరు ఎక్కడ బెదురుతున్నాడో ఇట్టే చెప్పగలను, తిట్టకుండా చెప్పగలను కూడా. మొన్నొక ఆదివారం మా అమ్మాయిని కారులో ఎక్కించుకుని శ్రీకాకుళం వెళ్తున్నాను. ముందు దూరం చూసుకుంటూ, కుదుపు లేకుండా, చాలా పద్ధతిగా. పాల క్యానులు కట్టిన సైకిలు మీద ఒకాయన గంట కొట్టి మమ్మల్ని దాటిపోయాడు.

"నాన్నా, నువ్వు సిన్నప్పుడు రేసులు తోలేవంట కదా?" అంది మా అమ్మాయి, సైకిలు వంకే చూస్తూ.

"తోలేను," అన్నాను, ఏమాత్రం తడబడకుండా. ఆ ఇరవై ఒక్కేళ్ల జెట్టు కనక ఇప్పుడు పక్క సీట్లో ఉండి ఉంటే సిగ్గుతో తల కిటికీ బయట పెట్టుకునేవాడు. వాడికి వినబడకుండా నాలో నేనే నవ్వుకుని, ఆ పాలాయన మలుపు తిరిగేదాకా దారిచ్చి, నెమ్మదిగా గేరు మార్చాను.